ఎముక మజ్జ మార్పిడికి అండగా నిలిచిన ఔషధం వెనుక భీమవరం శాస్త్రవేత్త

గురుగ్రామ్: గురుగ్రామ్‌లోని పెద్ద ఆసుపత్రుల్లో రక్త క్యాన్సర్ రోగులకు ఎముక మజ్జ మార్పిడి చేస్తున్నారు. దాత నుంచి సేకరించిన మూలకణాలను రోగి శరీరంలోకి ఎక్కించిన తర్వాతే వైద్యులకు అసలు ఆందోళన మొదలవుతుంది. కొత్తగా వచ్చిన రక్షక కణాలు రోగి శరీరాన్నే పరాయిదిగా భావించి చర్మం, పేగులు, కాలేయంపై దాడి చేసే ప్రమాదం ఉంది. ఆ దాడిని ముందుగానే అణచివేయడానికి ప్రపంచవ్యాప్తంగా దశాబ్దాలుగా వాడుతున్న ఔషధాల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. మార్పిడి జరిగిన తర్వాత ఒకటి, మూడు, ఆరు, పదకొండో రోజుల్లో స్వల్ప మోతాదులో దానిని ఇవ్వడం పరిపాటి. ఆ మందు ఆవిర్భవించిన పరిశోధనలకు నాయకత్వం వహించింది గోదావరి సీమకు చెందిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బాల్యంలో ఆయనకు చదువుపై అంతగా మనసు నిలవలేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదించాలన్న ఆలోచనతో పదమూడో ఏట ఇల్లు విడిచారు. తల్లి వెంకమ్మ ఆయనను వెనక్కి రప్పించి మళ్లీ బడిలో చేర్పించారు. మెట్రిక్యులేషన్‌లో మూడో ప్రయత్నంలో గానీ ఉత్తీర్ణులు కాలేదు. తర్వాత సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలని సంకల్పించినా తల్లి అంగీకరించలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునకు స్పందించి శస్త్రచికిత్స గదిలో ఖద్దరు దుస్తులు ధరించడం ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువ స్థాయి పట్టా అయిన ఎల్ఎంఎస్‌తో ఆయన సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయన ఇంట విషాదం అలముకుంది. స్ప్రూ అనే పేగు వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. ఈ వ్యాధిలో పేగులు పోషకాలను గ్రహించలేవు. ముఖ్యమైన విటమిన్ అందక ఎముక మజ్జలో రక్తకణాలు సక్రమంగా ఎదగవు. రోగి రక్తహీనతతో క్షీణించిపోతాడు. ఆ లోపం ఏమిటన్నది అప్పటికి వైద్యలోకానికి తెలియదు.

మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించిన సుబ్బారావు, 1920ల ఆరంభంలో మామగారి సాయంతోనూ కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతోనూ అమెరికా చేరుకున్నారు. 1919లో వివాహమాడిన భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. వారికి పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. విజయాల జాబితాలో కనిపించని మూల్యం ఇది.

బోస్టన్‌లో జీవనం కోసం పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెల్లడించారు. ఏటీపీని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత పదవి దక్కలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. కాలేయంలో అతిస్వల్పంగా ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. త్వరలోనే అమెరికా వైద్యుడు టామ్ స్పీస్ దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి సత్ఫలితాలు సాధించారు. సోదరులను బలిగొన్న జబ్బుకు సుమారు పాతికేళ్ల తర్వాత ఆయన బృందం చేతుల మీదుగానే మందు వచ్చింది.

మజ్జలో కణాలు వృద్ధి చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరమైతే, దానికి అడ్డుపడే పదార్థం అదుపు తప్పిన కణాలను నిలువరించవచ్చు. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేస్తున్న సిడ్నీ ఫార్బర్ కోరిక మేరకు లెడర్లీ అలాంటి పదార్థాలను అందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను ఇచ్చిన 16 మంది లుకేమియా పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించారు. దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్.

ఆ ప్రచురణ వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. ఆయన వయసు 53 ఏళ్లు. భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు 1946 చట్టంతో కలిగినా ఆయన దానిని స్వీకరించలేదు.

మజ్జ మార్పిడికి ఆద్యుడైన డొనాల్ థామస్ కూడా బ్రిగమ్ ఆసుపత్రిలో శిక్షణ పొందినవారే. మార్పిడి తర్వాత దాత కణాల దాడిని అరికట్టడానికి ఆయన బృందం మెథోట్రెక్సేట్‌ను ఆశ్రయించింది. 1990లో థామస్‌కు నోబెల్ బహుమతి లభించింది. ముందుజాగ్రత్త మందులు ఫలించక, స్టెరాయిడ్లకూ లొంగని రోగుల విషయంలో మెసెంకైమల్ మూలకణాలు అక్కరకు వస్తున్నాయి. ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగల ఈ కణాలకు రోగనిరోధక దాడిని శాంతింపజేసే గుణం కూడా ఉంది. 2004లో స్వీడన్ వైద్యులు తొమ్మిదేళ్ల బాలుడిపై ఈ ప్రయోజనాన్ని నివేదించారు. అలాంటి స్థితిలో ఉన్న పిల్లల కోసం ఈ కణాలతో తయారైన చికిత్సకు 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అయితే ప్రతి మొండి జబ్బుకూ ఇదే మందన్న ప్రచారానికి ఈ అనుమతి ఆధారం కాజాలదు.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపు విడుదల చేసింది. ఫైలేరియాకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ సైతం ఆయన నాయకత్వంలోని పరిశోధనల నుంచే వచ్చింది. దేశంలో బోదకాలు నిర్మూలన కార్యక్రమంలో భాగంగా ఆ మాత్రలను నేటికీ పంపిణీ చేస్తున్నారు.