గజపతి పుత్రిక తుక్కాదేవి

కటకము రాజధానిగా ఏలిన సూర్యవంశ గజపతి ప్రతాపరుద్రునకు కూతురు, విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలకు దేవేరి, తుదకు కంభం సీమలో ఏకాంతవాసిని అని తుక్కాదేవి ప్రసిద్ధురాలు. ఈమె చరిత్ర ఆంధ్రదేశమున కథగా వ్యాపించినంతగా విమర్శకు పాత్రము కాలేదు. అన్నపూర్ణ యనియు, జగన్మోహిని యనియు, వరదరాజమ్మ యనియు ఈమెకు నామాంతరములు చెప్పుదురు. రాయవాచకము జగన్మోహిని యనునది. కంభం ప్రాంతీయులు వరదరాజమ్మ యందురు. సంస్కృత పండితులకు ఈమె తుక్కాదేవియే.

ఈమె వివాహమునకును, ఏలూరు, ద్వారకాతిరుమలలు గల మన వేంగిసీమకును గాఢమైన సంబంధము కలదు. ఆ సంబంధమును గ్రహింపవలెనన్నచో యుద్ధవృత్తాంతమును స్మరింపవలసియున్నది.

క్రీ.శ. 1509లో సింహాసనమెక్కిన రాయలు తూర్పు దిగ్విజయమునకు పూని, దీర్ఘకాలము ముట్టడించి 1514లో ఉదయగిరిని, 1515 జూన్ నెలలో కొండవీటిని గైకొనెను. కొండవీట గజపతి కుమారుడు వీరభద్రుడు పట్టువడెను. పిమ్మట కృష్ణానది దాటి కొండపల్లిని పట్టగా, అందు గజపతి దేవేరులలో ఒకతె బందీ అయ్యెను. అటనుండి రాజమహేంద్రవరము వరకు గల వేంగిసీమయు రాయల వశమయ్యెను. 1516లో సింహాచలమున ఆయన శాసనము వెలసినది.

బందీయైన వీరభద్రుని రాయలు గౌరవించి కన్నడసీమలో మలెబెన్నూరు ప్రాంతమునకు అధికారిని చేసెను. అతడచట పెండ్లిసుంకమును మాన్పినట్లు 1516 నాటి శాసనము తెలుపుచున్నది. కాని అతని అంత్యము దారుణమని న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసెను. తన అంతస్తునకు తగని యోధునితో కత్తిసాము చేయుమని రాయలు నియోగింపగా, అది కులగౌరవమునకు భంగమని తలచి రాకుమారుడు ప్రాణత్యాగము చేసికొనెనట. ఇదియే నిజమైనచో, తుక్కాదేవి అడుగిడిన అత్తవారిల్లు తోడబుట్టినవాని ప్రాణములు పోయిన చోటు.

తుదకు సంధి కుదిరెను. ప్రతాపరుద్రుడు కూతును రాయలకిచ్చెను. రాయలు కృష్ణకు ఉత్తరమున తాను గెలిచిన భూములను గజపతికి మరల నిచ్చెను. వేంగిసీమ తిరిగి గజపతుల ఏలుబడిలోనికి వచ్చుట ఆ సంధి ఫలమే. మన భూమి యొక్క విడుదలకు ఆమె పాణిగ్రహణమే మూల్యమనిన అతిశయోక్తి కాదు.

ఇచ్చట ఒక కథ ప్రచారములో నున్నది. తండ్రి ప్రేరణచే తుక్కాదేవి శోభనగృహమున కఠారి దాచెననియు, అది బయటపడగా రాయలు నాటిరాత్రియే ఆమెను విడనాడెననియు ఆ కథ చెప్పును. దీనిని సమకాలిక సాక్ష్యముతో సరిచూడవలెను. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు, రాయలకు ధర్మపత్నులు పన్నిద్దరనియు, వారిలో ముఖ్యులు మువ్వురనియు వ్రాసెను. ఆ మువ్వురిలో ఒకతె ఓఢ్రరాజపుత్రిక, ఒకతె శ్రీరంగపట్టణపు రాజు కూతురు, మూడవయామె రాయలు యౌవనమున ప్రేమించిన వేశ్య. ఒక్కొక్కరికి వేరువేరు మందిరములు, ధనాగారములు, అలంకృతలైన అరువదిమంది చెలికత్తెలు ఉండిరనియు, ఈర్ష్యకు తావులేకుండ మువ్వురికి సమస్తమును సమానముగా జరుగుచుండెననియు అతడు చెప్పెను. తొలిరాత్రియే పరిత్యక్తయైన స్త్రీకి ఈ సమమర్యాద ఎట్లు పొసగును? కావున కంభం వాసము సత్యమైనచో, అది ఆమె పట్టపుదేవిగా మన్ననలందిన కాలమునకు తరువాతిదై యుండవలెను. కఠారి కథ ఆ ఎడబాటునకు లోకము పిదప కల్పించిన కారణమనియే తోచుచున్నది.

ఆమె స్వరము వినదలచినవారికి ఆధారము తుక్కాపంచకము. ఆమె కృతియని ప్రసిద్ధమైన ఈ ఐదు సంస్కృత శ్లోకములలో మిక్కిలి వ్యాప్తినందినది భ్రమర గంధఫలీ వృత్తాంతము. తుమ్మెద సంపెంగపై వాలదనుట కవిసమయము. గంధఫలి యనగా సంపెంగమొగ్గ యని అమరము. ఆ కవిసమయమును గైకొని ఆమె తనకు సౌందర్యలోపమును గాని, నాథునకు రసికతాలోపమును గాని ఆరోపింపక, భారమంతయు ఈశ్వరుని ఇచ్ఛపై నుంచినది. ఈశ్వరశబ్దమునకు దైవమనియు ప్రభువనియు రెండర్థములు కలవు. దైవమును నిందింపని భక్తియు, భర్తను సూటిగా దూరని మర్యాదయు, అతని ఇచ్ఛయే ఇంతకు మూలమను సూచనయు ఆ ఒక్క పదమున ఇమిడియున్నవి. సరస్వతీవిలాసమను ధర్మశాస్త్రగ్రంథము తన పేర వెలసిన ప్రతాపరుద్రుని కూతునకు ఇట్టి పదప్రయోగనైపుణ్యము సహజమే.

తిరుమలదేవిపై రాయలకు కినుక కలుగగా, ఆమెకు అరణముగా వచ్చిన నంది తిమ్మన పారిజాతాపహరణమును రచించి దంపతులను కూర్చెనని ఐతిహ్యము. గంధఫలి వ్యథను, తపస్సును వర్ణించిన పద్యమును కూడ తిమ్మనకే ముడిపెట్టి, ముక్కు తిమ్మన యను పేరునకు అదియే కారణమందురు. తిరుమలదేవి పక్షమున పలుకుటకు కవి యుండెను. తుక్కాదేవికి అట్టివాడు లేడు. తన గంధఫలిని గూర్చి తానే పలుకవలసివచ్చెను.

కంభం చెరువు గజపతి పుత్రికయైన రాయల దేవేరి కట్టించినదని ఆ సీమ ప్రజల విశ్వాసము. నల్లమల కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన ఆ కట్ట ఎత్తు 57 అడుగులు. దానికి నీరు చేర్చు పరీవాహప్రదేశము 430 చదరపు మైళ్లు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున దానిక్రింద సుమారు 10,300 ఎకరములు సాగగుచుండినట్లు ప్రభుత్వ గెజెటీరు తెలిపెను. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘము దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించినది.

సప్తసంతానములలో తటాకమొకటి, కృతి యొకటి. పుత్రసంతానము వలన గాక ఈ రెండింటి వలననే తుక్కాదేవి పేరు నిలిచినది. తండ్రి ఆమెను సంధికి సాధనము చేసెను, భర్త దూరముంచెనందురు, లోకము చేతికి కఠారి నిచ్చెను. లోకము ఆమెవని చెప్పుకొను శ్లోకములలో ద్వేషము లేదు. కఠారికి సాక్ష్యము కథ యొక్కటే. శ్లోకములు నేటికిని నిలిచియున్నవి, చెరువు పొలములను తడుపుచున్నది. తుక్కాదేవిని ఈ రెండింటిని బట్టి ఎన్నుటయే న్యాయము.