బజారుకు దారి అడిగిన ముహాజిర్

హైదరాబాదులో నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ చౌరస్తా దాకా నడిస్తే దారి పొడవునా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు కనిపిస్తాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో జిల్లాల నుంచి వచ్చిన యువకులు ప్రభుత్వోద్యోగ పరీక్షల కోసం గంటల తరబడి చదువుతుంటారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. ఏళ్ళు గడిచినా ఉద్యోగం రానివారిలో రెండు రకాల ఆలోచనలు మేము చూస్తున్నాము. నసీబులో ఉన్నది అదే వస్తుంది, అప్పటిదాకా ఇంటి నుంచి డబ్బు వస్తే చాలని కొందరు అనుకుంటారు. చిన్న పని చేస్తే పరువు పోతుందని మరికొందరు వెనుకాడతారు. ఈ రెండింటికీ హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) జీవితంలో సమాధానం ఉంది.

ఆయన ఖురైష్ తెగలోని బనూ జుహ్రా వంశీయులు. ఏనుగుల సంవత్సరం తర్వాత సుమారు పదేళ్ళకు మక్కాలో జన్మించారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) పిలుపుతో ఇస్లాం స్వీకరించారు. తొలి ఎనిమిది మంది ముస్లింలలో ఆయన ఒకరు. అబ్దుర్రహ్మాన్ అనే పేరు దైవప్రవక్త (స) పెట్టినదే. స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహాబాలలో ఆయన కూడా ఉన్నారు.

మక్కా అవిశ్వాసుల హింస భరించలేక మొదట అబిసీనియాకు, తర్వాత మదీనాకు హిజ్రత్ చేశారు. వ్యాపారంలో ఆరితేరిన మనిషి అన్నీ మక్కాలో వదిలి 622లో వట్టి చేతులతో మదీనా చేరారు. దైవప్రవక్త (స) ఆయనకూ, అన్సారీ అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కీ మధ్య సోదర బంధం కలిపారు. సఅద్ (రజి) మదీనా సంపన్నులలో ఒకరు. తన ఆస్తిలో సగం తీసుకోమని ఆయన మనస్ఫూర్తిగా ముందుకొచ్చారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన సంపదలో, కుటుంబంలో శుభం కలగాలని దుఆ చేసి, బజారుకు దారి చూపితే చాలన్నారు.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఒకరు తన ఆస్తిని అల్లాహ్ ఇచ్చిన అమానతుగా చూశారు, అందుకే సగం ఇవ్వడం ఆయనకు బరువనిపించలేదు. మరొకరు తన చేతులను, తనకు తెలిసిన విద్యను అల్లాహ్ ఇచ్చిన పెట్టుబడిగా చూశారు, అందుకే వట్టి చేతులు ఆయనకు పేదరికంగా కనిపించలేదు. ఇద్దరి చూపులు వేరు, ఈమాన్ ఒక్కటే. ఆయన అన్సారీ సోదరుని తృణీకరించలేదు, దారి చూపే సాయం ఆయన నుంచే తీసుకున్నారు. అహంకారానికీ స్వశక్తికీ తేడా ఇదే.

బనూ ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండబెట్టిన పెరుగు వంటి మామూలు సరుకులతో ఆయన వ్యాపారం మొదలైంది. ఖురైష్ వంశీయుడినన్న మాట ఆయనకు అడ్డు రాలేదు. కొద్దికాలానికే ఒక అన్సారీ స్త్రీని వివాహమాడారు. మహరుగా ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం ఇచ్చారు. ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా చేయమని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పారు.

తర్వాత ఆయన మదీనాలో గొప్ప ధనవంతులలో ఒకరయ్యారు. అయినా సంపద తన ప్రతాపమని భావించలేదు. ఒకనాడు ఉపవాసం విరమించేందుకు ఎదుట భోజనం పెడితే, ఉహుద్‌లో షహీద్ అయిన హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గుర్తుకొచ్చారు. తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల బయటపడేంత చిన్న వస్త్రమే ఆయనకు కఫన్ అయింది. తమ పుణ్యఫలం ఈ లోకంలోనే ముందుగా ఇచ్చేస్తున్నారేమోనని భయపడి, ఏడుస్తూ భోజనం వదిలేశారు. హజ్రత్ ఉమర్ (రజి) తర్వాత ఖలీఫాను ఎన్నుకునే ఆరుగురిలో ఉండి కూడా పదవి నుంచి తానే తప్పుకున్నారు. హిజ్రీ 32 ప్రాంతంలో మరణించారు. బద్ర్ యోధులలో బతికి ఉన్నవారికి తన ఆస్తిలో భాగం ఇవ్వమని వసీయత్ చేశారు.

పరీక్షకు చదవడం కూడా శ్రమే, దాన్ని వదలమని మేము అనడం లేదు. అయితే చదువుతూనే నాలుగు ట్యూషన్లు చెప్పినా, దుకాణంలో కూర్చున్నా, బండి మీద పండ్లు అమ్మినా అది హలాల్ సంపాదనే. అందులో తవక్కుల్‌కు లోటు లేదు, పరువుకు నష్టం లేదు. తల్లిదండ్రులు ఆ పనిని చిన్నచూపు చూడకూడదు. ఉన్నవారు సఅద్ (రజి)లా చేయి చాచాలి, లేనివారు అబ్దుర్రహ్మాన్ (రజి)లా దారి అడగాలి.

అల్లాహ్ మనకు ఇచ్చే చేతినీ, శ్రమించే చేతినీ ప్రసాదించుగాక! ఆమీన్.