ఆన్రీ మేజ్

ఆన్రీ మేజ్ (1866 - 1940) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రముఖ నరాల వైద్యుడు. కనురెప్పలు, దవడ కండరాలు మనిషి ప్రమేయం లేకుండా బిగుసుకుపోయే వ్యాధిని సవివరంగా వర్ణించినవాడు. ఆ వ్యాధి నేడు మేజ్ సిండ్రోమ్ అనే పేరుతో వ్యవహరింపబడుతున్నది.

జీవిత విశేషాలు

ఇతడు మధ్య ఫ్రాన్సులోని మూలాన్ పట్టణంలో జన్మించాడు. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో సుప్రసిద్ధ వైద్యుడు షార్కో వద్ద శిష్యరికం చేసి, 1893లో వైద్యపట్టా పొందాడు. లలితకళల పాఠశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని కూడా బోధించాడు. ముఖాన్ని చిత్రకారుని దృష్టితో పరిశీలించే అలవాటు ఇతనికి వైద్యంలో అక్కరకు వచ్చిందనవచ్చు. 1898లో కాళ్ళు వాచే ఒక వంశపారంపర్య వ్యాధిని కూడా వర్ణించాడు. దానికీ ఇతని పేరే పెట్టారు. అది దోమకాటు వలన వచ్చే బోదకాలు కాదు.

దవడ బిగింపుపై కృషి

1902లో ఫైన్డెల్ అనే వైద్యునితో కలసి ముఖము, మెడ మొదలైన చోట్ల కండరాలు అదరడంపై ఒక గ్రంథాన్ని ప్రచురించాడు. దీనిని 1907లో కినియర్ విల్సన్ ఆంగ్లంలోకి అనువదించాడు. బిగుసుకున్న చోట రోగి వ్రేలితో మెల్లగా తాకితే పట్టు సడలుతుందని అందులో వ్రాశారు. అంత తేలికగా తగ్గేది మనోదౌర్బల్యమే అయి ఉంటుందని ఆనాటి వైద్యులు తలచారు. మేజ్ అభిప్రాయమూ అదే. అందుచేత రోగిని అద్దం ముందు కూర్చోబెట్టి, కదలకుండా ఉండే వ్యవధిని క్రమంగా పెంచే సాధన చేయించేవారు. 1910లో ఇతడు పదిమంది రోగుల వివరాలతో ప్రసిద్ధ వ్యాసం వెలువరించాడు. వారిలో ప్రధాన లక్షణం కనురెప్పలు మూసుకుపోవడం.

తరువాతి పరిణామాలు

ఇది మానసిక బలహీనత కాదనీ, మెదడు కదలికలను నియంత్రించడంలో లోపమనీ 1976లో బ్రిటిష్ వైద్యుడు మార్స్‌డెన్ వాదించాడు. చిత్రకారుడు బ్రూగెల్ గీసిన నోరు తెరచిన మనిషి బొమ్మను బట్టి దీనికి బ్రూగెల్ పేరు సూచించాడు గానీ, మేజ్ పేరే ఎక్కువగా నిలిచింది. ఒకనాడు రోగిని అనుమానించడానికి కారణమైన ఆ వ్రేలి స్పర్శే నేడు వ్యాధి నిర్ధారణకు ముఖ్యమైన ఆధారం. దీనిని నిర్ధారించే రక్తపరీక్ష ఏదీ లేదు. వైద్యుడు రోగిని మాట్లాడించి, నమిలించి చూడవలసిందే. మానసిక వ్యాధుల మందులు వాడిన చరిత్రను తప్పక అడగాలి. గాయం తరువాత దవడ బిగుసుకుంటే మాత్రం ధనుర్వాతంగా అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

నేటి ప్రధాన చికిత్స, దవడ కండరాలలోకి బొటులినం ఇంజక్షన్. నరం నుండి కండరానికి అందే సంకేతాన్ని ఇది అడ్డుకుంటుంది. ప్రభావం సుమారు మూడు నెలలుంటుంది. ఆ తరువాత మళ్ళీ వేయించుకోవాలి. మోతాదు మించితే మ్రింగడం కష్టమవుతుంది. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవికి దగ్గరి బంధువైన మరో సూక్ష్మజీవి నుండే ఈ మందు లభించడం విశేషం.

హైదరాబాదులో నిమ్స్ వంటి ఆసుపత్రుల నరాల వైద్య విభాగాలలో ఈ చికిత్స లభిస్తున్నది. హైటెక్ సిటీలో రోజంతా కంప్యూటరు ముందు పనిచేసేవారు కనురెప్పల అదురును కంటి అలసటగా, దవడ నొప్పిని పంటి బాధగా భావించడం సహజం. రెండూ కలసి కనిపించినపుడు నరాల వైద్యుని సంప్రదించాలి.