నవ్వించిన పంతులుగారు

రాజమహేంద్రవరమున ఒకరి యింటి మాట ఊరందరికిని తెలియుచుండెడి కాలమున, 1848 ఏప్రిలు 16వ తేదీని కందుకూరి వీరేశలింగము పంతులుగారు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోలుపోయిరి. పెద్దవారై ఉపాధ్యాయవృత్తి నవలంబించి, 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పి, ఆ యేడే వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి.

లంచములు పట్టు నుద్యోగులును, ముదిమిని పసిబాలికలను పెండ్లాడు పెద్దలును ఆ పత్రికకు వెఱవవలసినవారైరి. 1876లో హాస్యసంజీవని దానికి తోడయ్యెను. పంతులుగారు తమ ప్రహసనములకు బ్రహ్మవివాహము, వ్యవహారధర్మబోధిని యని గంభీరములైన పేర్లు పెట్టిరి. జనులు మాత్రము వానిని పెద్దయ్యగారి పెండ్లి, ప్లీడరు నాటకము అనిరి! చదివిన ప్రతివాడును అది పొరుగువానిని గూర్చియే యని నవ్వుకొనియుండునని మా తలంపు.

కాని 1881 డిసెంబరు 11వ తేదీని పంతులుగారు తమ యింట తొలి వితంతువివాహమును జరిపింపగా ఊరివారు నవ్వలేదు, వెలివేసిరి. వంటవారును నీళ్లు తెచ్చువారును రామానిరి. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుండి నీరు తామే మోసి తెచ్చి, వంటయు తామే చేసిరి. విద్యార్థులు కొందఱు ధైర్యముతో ప్రక్కన నిలిచిరి.

అట్టి యూరివారికే పంతులుగారు 1890లో పురమందిరమును కట్టించిరి. 1919 మే 27వ తేదీని చెన్నపట్టణమున పరమపదించిరి.

విద్యార్థులారా! పంతులుగారి హాస్యమును చదివి మనమందఱము నవ్వుదము. కాని ఆ నవ్వునకు వెల చెల్లించిన యిల్లాలి నీళ్లబిందెను మఱవకుందము.