మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ గారు



క్రిస్మస్ సెలవులు వస్తే కామారెడ్డి వాళ్లు రామాయంపేట మీదుగా, ఎల్లారెడ్డి వాళ్లు నేరుగా మెదక్ రోడ్డున చర్చికి బయలుదేరతారు. క్రైస్తవులే కాదు, అన్ని మతాల వాళ్లూ వెళ్తారు. మీలో చాలామంది పిల్లల్ని చంటివయసులో భుజాన వేసుకుని వెళ్లే ఉంటారు. ఇప్పుడు ఆ పిల్లలే ఎనిమిదో తరగతికొచ్చి, ఫ్రెండ్స్‌తో వెళ్తామంటున్నారు. కొందరు అసలు రామంటున్నారు. ఇంట్లో స్టార్ కట్టడానికి కూడా పిలిస్తే తప్ప కదలరు. మీ మనసు చివుక్కుమంటుంది కదా? అందుకే ఈ నెల ఆ చర్చి కట్టించినాయన గురించి రాస్తున్నాను.

చార్లెస్ వాకర్ పోస్నెట్ ఇంగ్లాండు నుంచి వచ్చిన మెథడిస్టు పాస్టర్. 1895లో సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పని చేశారు. ఆ పనిలో తృప్తి లేక పల్లెల బాట పట్టారు. 1896లో మెదక్ చేరారు. మన ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యం.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ కరువొచ్చింది. పోస్నెట్ గారు చేయి చాపినవాళ్లకు ఊరికే తిండి పెట్టి పంపలేదు, చర్చి కట్టే పనిలో పెట్టుకున్నారు. పని చేసినవాళ్లకు తిండి దొరికింది. ఇప్పటి ఉపాధి హామీ పనిని మీ పిల్లలకు పాఠంగా చెప్పేటప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. దాదాపు పదేళ్లు పట్టింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. 1924 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, ప్రతిష్ఠ జరిగింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. చర్చి తెరిచేనాటికి రంగు అద్దాల బొమ్మలు మూడింటిలో ఒక్కటీ లేదు. క్రీస్తు పరలోకానికి వెళ్లే బొమ్మ 1927లో వచ్చింది. యేసు పుట్టుక బొమ్మ, అంటే అసలు క్రిస్మస్ బొమ్మ, 1947లో గానీ రాలేదు. సిలువ బొమ్మ 1958లో. మొదటి క్రిస్మస్‌కు అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన ఐదేళ్ల పాప, పశువుల పాక బొమ్మ చూసేసరికి 28 ఏళ్ల మనిషి. బహుశా అప్పటికి తన పిల్లల్ని ఎత్తుకుని ఉంటుంది. పోస్నెట్ గారు 1939లోనే మెదక్ వదిలి వెళ్లిపోయారు. అదే 1947లో మెథడిస్టులు దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు, చర్చి పేరు ముందు ఉండే మిషన్ మారిపోయింది. ఇంత మారినా జనం రావడం ఆగలేదు. ఏటా అన్నీ ఒకేలా ఉంటేనే పండుగ అనుకోవడం మన పెద్దవాళ్ల పట్టుదలేనని నాకనిపిస్తుంది.

ఈసారి పెద్దపిల్లకు చిన్నవాడి చెయ్యి అప్పగించి చూడండి. ఆ మూడు బొమ్మల కథ తనే తమ్ముడికి చెప్పనివ్వండి. తర్వాత ఫ్రెండ్స్‌తో బయట స్టాళ్లు తిరుగుతానంటే వెళ్లనివ్వండి.

ఒక్క మాట: ఆ అద్దాల బొమ్మలు బయటి వెలుగుతోనే కనిపిస్తాయి. తెల్లవారుజాము ఆరాధనకు వెళ్తే నల్లటి అద్దాలే ఉంటాయి, చీకటి పడ్డాకా అంతే. ఎండ ఉండగానే లోపలికి వెళ్లండి.