రతన్‌జీ జంషెడ్‌జీ టాటా

(ఈ వ్యాసం 1918లో మరణించిన సర్ రతన్ టాటా గురించి. 1937లో జన్మించి 2024లో మరణించిన పారిశ్రామికవేత్త రతన్ నావల్ టాటా వేరొకరు.)

సర్ రతన్‌జీ జంషెడ్‌జీ టాటా (జనవరి 20, 1871 - సెప్టెంబర్ 5, 1918) బొంబాయికి చెందిన పారిశ్రామికవేత్త, దాత, కళాపోషకుడు. టాటా సంస్థల వ్యవస్థాపకుడైన జంషెడ్‌జీ టాటాకు చిన్న కుమారుడు. పరాయి పాలనలో ఉన్న దేశం నుండి వచ్చి, పాలించే దేశపు రాజధానిలో పేదరికంపై విశ్వవిద్యాలయ పరిశోధనకు ధనసహాయం చేసిన వ్యక్తిగా చరిత్రలో ఈయనకు ప్రత్యేక స్థానముంది.

బాల్యం, వ్యాపారం

రతన్ టాటా బొంబాయిలో పార్శీ కుటుంబంలో జన్మించాడు. అన్న దొరాబ్జీ ఈయన కంటే 12 సంవత్సరాలు పెద్ద. సెయింట్ జేవియర్ కళాశాలలో చదివాడు. నవాజ్‌బాయిని వివాహమాడాడు. 1896లో తండ్రి సంస్థలో భాగస్వామిగా చేరాడు. నాటికే కుటుంబానికి నాగపూరులోనూ, బొంబాయిలోనూ నూలు మిల్లులున్నాయి. లాంకషైర్ మిల్లుల ప్రయోజనం కోసం 1896లో బ్రిటిషు ప్రభుత్వం భారతీయ మిల్లు వస్త్రాలపై మూడున్నర శాతం సుంకం విధించింది. ఒక దేశపు కార్మికుని కూలికి, మరొక దేశపు వ్యాపారానికి ఉన్న ముడి ఎటువంటిదో ఈ రంగంలో ఉన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1904లో జంషెడ్‌జీ జర్మనీలో మరణించాడు. ఉక్కు కర్మాగారం, జలవిద్యుత్తు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ అనే ఆయన మూడు సంకల్పాలను అన్నదమ్ములిద్దరూ నెరవేర్చారు. అయితే నిర్వహణ భారం ఎక్కువగా దొరాబ్జీ మోశాడు. రతన్ టాటా మనసు వ్యాపారం కంటే దానధర్మాల మీద, కళాఖండాల సేకరణ మీద ఉండేదనడం సత్యదూరం కాదు. 1906లో లండన్ సమీపంలోని ట్వికెన్‌హామ్‌లో యార్క్ హౌస్ అనే భవనాన్ని కొని, తరచుగా అక్కడ నివసించేవాడు.

దానాలు

గోపాలకృష్ణ గోఖలే స్థాపించిన భారత సేవక సంఘానికి ఏటా పది వేల రూపాయల చొప్పున పది సంవత్సరాలు ఇవ్వడానికి అంగీకరించాడు. దక్షిణాఫ్రికాలో గాంధీ నడుపుతున్న సత్యాగ్రహానికి 1909 నుండి విడతలవారీగా మొత్తం 1,25,000 రూపాయలు పంపాడు. గాంధీ పేరు భారతదేశంలో ఇంకా ఇంటింటా తెలియని రోజులవి. పాట్నా వద్ద కుమ్రహార్‌లో 1913లో స్పూనర్ ప్రారంభించిన తవ్వకాలకు కూడా ఈయన ధనమే ఆధారం. మౌర్యుల నాటి స్తంభాల మండపపు అవశేషాలు వాటిలోనే బయటపడ్డాయి.

లండన్‌లో పేదరిక పరిశోధన

పేదరికానికి కారణం పేదవాని సోమరితనమా, లేక సమాజంలోని ఏర్పాట్లా అన్న వివాదం ఆ కాలపు ఇంగ్లాండులో తీవ్రంగా ఉండేది. పేదల చట్టంపై నియమించిన రాయల్ కమిషన్ 1909లో ఏకాభిప్రాయానికి రాలేక రెండు వేర్వేరు నివేదికలు సమర్పించింది. ఈ నేపథ్యంలో రతన్ టాటా, పేదరికానికి కారణాలను, నివారణోపాయాలను శాస్త్రీయంగా పరిశోధించడానికి ఏటా 1,400 పౌన్ల చొప్పున మూడు సంవత్సరాలు ఇస్తానని ముందుకు వచ్చాడు. దీనితో 1912లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో రతన్ టాటా ఫౌండేషన్ ఏర్పడింది. గడువు ముగిసిన తరువాత కూడా సహాయం కొనసాగింది.

దీనికి సంచాలకునిగా 1913లో ఆర్. హెచ్. టానీ నియమితుడయ్యాడు. ఈయన కలకత్తాలో జన్మించాడు. తండ్రి చార్లెస్ టానీ కథాసరిత్సాగరాన్ని ఆంగ్లంలోకి అనువదించిన సంస్కృత పండితుడు. ఆ గ్రంథానికి మూలమైన బృహత్కథను శాతవాహనుల ఆస్థానంలోని గుణాఢ్యుడు రచించాడని ప్రతీతి గనుక తెలుగు పాఠకులకు ఈ సంగతి ఆసక్తి కలిగించవచ్చు.

పేదరికాన్ని వ్యక్తుల లోపంగా కాక పరిశ్రమలకు సంబంధించిన సమస్యగా చూడాలన్నది టానీ వాదన. 1909 చట్టం ఇనుప గొలుసుల తయారీ, దర్జీపని వంటి కొన్ని వృత్తులలో కనీస వేతనం నిర్ణయించే వీలు కల్పించింది. క్రాడ్లీ హీత్‌లో గొలుసులు చేసే స్త్రీలు 1910లో సమ్మె చేసి గాని గంటకు రెండున్నర పెన్నీల కూలి సాధించలేకపోయారు. కూలి పెంచితే పరిశ్రమ మూతపడుతుందని యజమానులు భయపెట్టేవారు. టానీ ఈ రెండు వృత్తులను పరిశీలించి 1914, 1915లలో గ్రంథాలు వెలువరించాడు. ఆ భయం నిజం కాలేదని వాటిలో చూపించాడు.

ఈ నిధి సహాయంతోనే బౌలీ, బర్నెట్-హర్స్ట్‌లు రెడింగ్, నార్తాంప్టన్, వారింగ్టన్, స్టాన్లీ అనే నాలుగు చోట్ల జరిపిన సర్వే 1915లో ప్రచురితమైంది. ప్రతి ఇంటికీ వెళ్ళకుండా, సుమారు ఇరవై ఇళ్ళకు ఒకటి చొప్పున ఎంచుకుని, దాని నుండి ఊరంతటి స్థితిని లెక్కగట్టారు. గణాంకశాస్త్రంలో నమూనా పద్ధతికి ఇది తొలి ప్రయోగాలలో ఒకటి. కష్టపడి పనిచేస్తున్నా చాలీచాలని కూలియే పేదరికానికి ప్రధాన కారణమని అది తేల్చింది. ఇదే కాలంలో అక్కడి సామాజిక శాస్త్ర విభాగంలో క్లెమెంట్ అట్లీ అధ్యాపకునిగా ఉండేవాడు. 1947లో భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధాని ఆయనే.

ఇంతకంటె పేదదైన స్వదేశంలో ఈ పరిశోధన ఎందుకు జరిపించలేదన్న ప్రశ్న న్యాయమైనదే. దీనికి పాక్షికమైన సమాధానం జంషెడ్‌పూర్‌లో కనిపిస్తుంది. అక్కడి ఉక్కు కార్మికుల సంక్షేమంపై సలహా కోసం సంస్థవారు లండన్ స్కూల్‌కు చెందిన వెబ్ దంపతులను, హాబ్‌హౌస్, ఉర్విక్‌లను ఆశ్రయించారు. 1912 నుండే అక్కడ ఎనిమిది గంటల పనిదినం అమలులో ఉంది. అయినా 1920లో కూలి విషయమై ఆ కార్మికులు సమ్మెకు దిగారు. అప్పటికి రతన్ టాటా జీవించి లేడు.

మరణం, వీలునామా

1916లో ఈయనకు సర్ బిరుదు లభించింది. ఆరోగ్యం క్షీణించి 1918 సెప్టెంబర్ 5న ఇంగ్లాండులోని సెయింట్ ఐవ్స్‌లో మరణించాడు. బ్రూక్‌వుడ్ శ్మశానవాటికలో తండ్రి సమాధి చెంతనే ఈయన సమాధి ఉంది. కళాసంపద బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంకు (తరువాతి పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయ) చేరింది.

సంతానం లేనందున ఆస్తిలో అధిక భాగంతో 1919లో సర్ రతన్ టాటా ట్రస్టు ఏర్పడింది. భారతీయుల సామాజిక, ఆర్థిక, రాజకీయ శ్రేయస్సుకు సంబంధించిన విషయాలను అర్హులైనవారితో పరిశోధింపజేయాలని వీలునామాలో నిర్దేశించాడు. నవాజ్‌బాయి 1965 వరకు జీవించింది. ఆమె అనాథాశ్రమం నుండి దత్తత తీసుకున్న నావల్ టాటా కుమారుడే పైన పేర్కొన్న రతన్ నావల్ టాటా.