జలకన్య అనెట్ కెల్లర్‌మన్

ఈ ప్రత్యేక సంచికకు ఒక ఈతగత్తె జీవిత కథ రాసిస్తానని నేను చెప్పినప్పుడు మన సంఘం మిత్రులు నవ్వారు. ఏడాదిలో చాలా నెలలు చిత్రావతిలో ఇసుక తప్ప మరేమీ కనపడని పుట్టపర్తిలో, మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్టు ఎక్కడానికే ఆపసోపాలు పడే మనకు ఈత కబుర్లెందుకని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే సీమ మనది. అయితే నేను చెప్పబోయే మనిషి కూడా నడవలేని కాళ్ళతోనే బయలుదేరింది. ఆమె పేరు అనెట్ కెల్లర్‌మన్. ఉద్యోగరీత్యా ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత డ్రిల్లు చేయించినవాణ్ణి కనుక ఆమె మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది. పాఠకులు క్షమించాలి.

అనెట్ 1886 జూలై 6న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో, మారిక్‌విల్ అనే పేటలో పుట్టింది. తండ్రి ఫ్రెడరిక్ వయొలిన్ విద్వాంసుడు. తల్లి ఆలిస్ ఫ్రెంచి వనిత, పియానో నేర్పేది. ఇల్లంతా సంగీతమే గానీ పిల్లకు మాత్రం కాళ్ళు నిలవలేదు. పసితనంలోనే కాళ్ళు బలహీనపడి వంకరపోతే వైద్యులు ఉక్కు పట్టీలు బిగించారు. పోలియో వచ్చిన పిల్లలకు మనవాళ్ళు కాలిపర్లు వేయించడం చూశాం కదా, ఇంచుమించు అలాంటివే. అవి ఒరుసుకుని బాధపెట్టేవి. మన జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన పిల్లలను చూసినవారికి ఆ తల్లిదండ్రుల దిగులు వేరే చెప్పనక్కర్లేదు. జబ్బు వేరు కావచ్చు, దిగులు ఒకటే.

కాళ్ళకు బలం రావడానికి ఈత నేర్పించమన్నారు. సిడ్నీలో కావిల్ కుటుంబంవారి ఈత కొలనుకు పిల్లను తీసుకెళ్ళారు. మెడలోతు నీళ్ళలో నిలబడితే మన బరువులో పదోవంతు మాత్రమే కాళ్ళ మీద పడుతుందని ఇప్పుడు ఫిజియోథెరపీవారు చెబుతారు. నడుము లోతులోనైతే దాదాపు సగం. నేల మీద మోయలేని దేహాన్ని నీళ్ళు మోస్తాయి. అదే సమయంలో కాలు కదిపితే గాలికన్నా 800 రెట్లు చిక్కనైన నీరు ఎదురు నెడుతుంది. బరువు తగ్గించేదీ, పని పెంచేదీ ఆ నీరే. పదమూడో ఏటికి అనెట్ కాళ్ళు దాదాపు మామూలుగా అయ్యాయి. పదిహేనో ఏటికి అన్ని రకాల ఈతలూ వచ్చాయి, మొదటి పందెమూ గెలిచింది. 1902లో న్యూ సౌత్ వేల్స్ మహిళల పోటీల్లో 100 గజాల ఈతను 1 నిమిషం 22 సెకన్లలో, మైలు ఈతను 33 నిమిషాల 49 సెకన్లలో ముగించి రెండింటా విజేత అయింది. ఉక్కు పట్టీలు విప్పి ఎన్నేళ్ళయిందో లెక్కవేసుకోండి.

తర్వాత కుటుంబం మెల్‌బోర్న్ చేరింది. తల్లి ఒక బాలికల పాఠశాలలో పనికి కుదిరింది. కూతురు ప్రదర్శనశాలలో గాజు తొట్టెలో చేపల మధ్య రోజుకు రెండు ఆటలు ఈదేది. ఇక్కడ మన కరువు సీమవాళ్ళకు నచ్చే ముచ్చట ఒకటుంది. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాను ఏళ్ళ తరబడి పెద్ద కరువు పీడించింది. గొర్రెలు, పశువులు లక్షల్లో చచ్చాయి. ఆ కరువు మీదే బ్లాండ్ హోల్ట్ అనే నాటకాల యజమాని ‘ది బ్రేకింగ్ ఆఫ్ ది డ్రాట్’ అనే నాటకం ఆడించాడు. కరువు విరగడ కావడమని ఆ పేరుకు అర్థం. 1903లో మెల్‌బోర్న్ థియేటర్ రాయల్‌లో ఆ నాటకంలో ఎత్తు నుంచి నీళ్ళలోకి దూకి జనాన్ని నివ్వెరపరచింది మన అనెట్. కరువు నాటకంలో నీళ్ళు చూడటానికి జనం టికెట్టు కొనుక్కున్నారన్నమాట. బుక్కపట్నం చెరువు మరువ పారిన ఏడు బండ్లు కట్టుకుని చూడబోయిన మన పెద్దవాళ్ళు జ్ఞాపకం వస్తారు.

1905లో తండ్రీకూతుళ్ళు ఇంగ్లండుకు ఓడెక్కారు. అక్కడ పేరు రావాలంటే ఏదైనా పెద్ద పని చేసి చూపాలి. థేమ్స్ నదిలో పట్నీ నుంచి బ్లాక్‌వాల్ దాకా ఈదింది. పత్రికలవాళ్ళ కన్ను పడింది. ఒక దినపత్రిక ఖర్చు పెట్టుకుని ఆమెను ఇంగ్లిషు కాలువ ఈదడానికి పంపింది. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఆ జలసంధి ఇరుకైన చోట 33 కిలోమీటర్లు. 1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ దాన్ని ఈదాక మళ్ళీ ఎవరికీ సాధ్యపడలేదు. అనెట్ మూడుసార్లు దిగింది, మూడుసార్లూ ఓడింది. ఒకసారి ఆరుముప్పావు గంటలు సముద్రంలో ఉంది. ఆడవాళ్ళలో అంతసేపు ఉన్నవారు తర్వాత చాలా ఏళ్ళ దాకా లేరు. చలి, కెరటాలు, వాంతులు సరే, ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. ఆమెతో పోటీగా దిగిన మగవాళ్ళు బట్టలు లేకుండా ఈదారు. ఆమె మాత్రం ఈత దుస్తులు వేసుకోక తప్పలేదు. ఉప్పునీటిలో ఆ బట్ట చంకల కింద ఒరుసుకుని చర్మం లేచిపోయింది.

బట్ట దగ్గర కాస్త ఆగాలి. అప్పట్లో పాశ్చాత్య దేశాల ఆడవాళ్ళు సముద్ర స్నానానికి పోతే ఉన్ని గౌను, దాని కింద పొడవాటి లాగు, మేజోళ్ళు, ఒక్కోసారి బూట్లు కూడా వేసుకునేవారు. తడిసిన ఉన్ని ఎంత బరువో కంబళి ఉతికినవారికి తెలుసు. ఆ వేషంలో నీళ్ళలో నిలబడవచ్చునేమో గానీ ఈదడం కుదరదు. మనల్ని మనం మినహాయించుకోనక్కర్లేదు. మా ఊళ్ళో మగపిల్లలందరం నడుముకు ఎండు సొరబుర్ర కట్టుకుని మోటబావిలో ఈత నేర్చుకున్నాం. ఆడపిల్లల్ని గట్టు మీదికి కూడా రానిచ్చేవారు కాదు. మా మేనత్త ఒకామె నీళ్ళు చేదబోయి కాలుజారి అదే బావిలో పడింది. చుట్టుపక్కల ఈత వచ్చిన మగవాళ్ళు వచ్చేసరికి ఆలస్యమైంది. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుందని మా నాయన ఎన్నోసార్లు తలచుకుని బాధపడేవాడు. అనెట్ కథ చదివినప్పుడల్లా నాకు ఆ చీర గుర్తుకొస్తుంది.

లండన్‌లోని బాత్ క్లబ్బులో రాజవంశీకుల ఎదుట ప్రదర్శన ఇవ్వమని అనెట్‌ను పిలిచారు. ఆమె మగపిల్లల పోటీ దుస్తులు వేసుకునేది. వాటిలో కాళ్ళు కనపడతాయి, కుదరదన్నారు. వాదించలేదు ఆమె. పొడవాటి నల్ల మేజోళ్ళు కొని తెచ్చి ఆ సూటుకే కలిపి కుట్టేసింది. మెడ నుంచి పాదాల దాకా ఒకే బట్ట, ఒంటికి అంటిపెట్టుకుని. మర్యాదకు లోటు లేదు, ఈతకు అడ్డం లేదు. ఒంటిముక్క ఈత సూటు చరిత్రలో ఆ సూదీదారానికి పెద్ద చోటే ఉంది. తరువాత ఆమె పేరుతోనే అలాంటి సూట్లు అమ్మకానికి వచ్చాయి.

1906లో డాన్యూబ్ నదిలో వియన్నా దాకా 35 కిలోమీటర్ల పందెం గెలిచి, ఆపైన అమెరికా వెళ్ళింది. బోస్టన్ దగ్గర రివియర్ సముద్రతీరంలో 1907లో పొట్టి ఈత దుస్తులు వేసుకున్నందుకు పోలీసులు ఆమెను పట్టుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆమె కూడా తర్వాతి రోజుల్లో ఆ సంగతి చెప్పేది. అయితే నాటి పత్రికల్లో, కోర్టు కాగితాల్లో దానికి ఆధారం దొరకలేదని పరిశోధకులు అంటున్నారు. ప్రదర్శనలిచ్చి బతికేవాళ్ళు కథకు కాస్త మెరుగు పెట్టడం ఉన్నదే. నా మట్టుకు సూటును జైలు గోడలకన్నా ఆ మేజోళ్ళ కుట్టే గెలిపించింది.

1908లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వ్యాయామాచార్యుడు డడ్లీ సార్జంట్ వేలాది స్త్రీల కొలతలు తీసి, అందరిలో అనెట్ దేహమే సర్వ సమంగా ఉందని ప్రకటించాడు. ఆడవాళ్ళను టేపుతో కొలిచే ఈ తంతు నాకు నచ్చదు. అయినా ఉక్కు పట్టీలలో పెరిగిన కాళ్ళకు ఆ తీర్పు దక్కిందంటే ముచ్చటేస్తుంది. నాటకశాలలు, సినిమాలు ఆమెకు చాలా డబ్బు తెచ్చాయి. 1914లో, 1916లో వచ్చిన మూకీ చిత్రాల్లో జలకన్యగా నటించి లోకమంతా తెలిసిన మనిషి అయింది. 1912లో జేమ్స్ సలివాన్‌ను పెళ్ళాడింది. పిల్లలు లేరు. జన్మంతా శాకాహారి.

మన సభ్యులకు ఎక్కువ పనికొచ్చేది ఆమె మూడో వృత్తి. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి ఊరూరా ఉపన్యసించింది. పోస్టు ద్వారా వ్యాయామ పాఠాలు అమ్మింది. 1918లో రెండు పుస్తకాలు అచ్చువేసింది. ఒకటి ఈత గురించి, రెండోది నేల మీది వ్యాయామం గురించి. నడుము బిగించే కార్సెట్లు పారేసి, కడుపు, వెన్ను, కాళ్ళ కండరాలకు ఇంట్లోనే రోజూ పని చెప్పమని ఆమె బోధ. నీళ్ళు అందరికీ దొరకవు, నేల దొరుకుతుంది.

గట్టు మీద ఈత అంటే మనకు ఎగతాళి మాట. కాని నేటి పోటీ ఈతగాళ్ళెవరూ గట్టు మీది కసరత్తు మానరు. పెద్ద వయసువారికైతే అది మరీ ముఖ్యం. 1986లో టోక్యోలో పెద్దల ప్రపంచ ఈత పోటీలు మొదలయ్యాయి. 25 ఏళ్ళు దాటినవారిని అయిదేసి ఏళ్ళ తరగతులుగా విడదీసి పోటీ పెడతారు. తొంభై దాటినవాళ్ళు కూడా దిగుతారు. వాళ్ళ కసరత్తులో మంత్రాలేమీ లేవు. కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి చేతులతో మెల్లగా వెనక్కి లాగడం. మన ఇళ్ళలో పాత సైకిలు ట్యూబు చాలు. గోడకు అరచేతులు ఆనించి ముందుకు వంగి లేవడం. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చోవడం. చీలమండలు తిప్పడం. చీలమండ బిగిసిన మనిషి నీళ్ళలో కాళ్ళు ఆడిస్తే పాదం బ్రేకులా అడ్డుపడుతుంది, అందుకని. భుజం చుట్టూ ఉండే సన్నటి కండరాలను ముందు నేల మీద గట్టిపరచకపోతే ఈతగాళ్ళకు మొదట చెడేది భుజమే. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. నొప్పి వస్తే ఆపండి. డ్రిల్లు మాస్టారి అలవాటు కొద్దీ ఇంత రాశాను.

సూటు కథ అనెట్‌తో ఆగలేదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకు ఈత పోటీలు పెడితే వంద మీటర్లలో బంగారు, వెండి పతకాలు రెండూ ఆస్ట్రేలియా పిల్లలే, ఫానీ డ్యూరాక్, మీనా వైలీ, తీసుకుపోయారు. 1926లో గెర్‌ట్రూడ్ ఎడర్లీ ఇంగ్లిషు కాలువ ఈదిన మొదటి మహిళ అయింది. అంతకు ముందటేడు సూటు ఒరుసుకుని బాధపడిన ఎడర్లీ, అక్కతో కలిసి రెండు ముక్కల సూటు తయారు చేసుకుని మరీ దిగింది. 1959 సెప్టెంబరు 29న మన దేశపు ఆరతీ సాహా అదే జలసంధి దాటి, అది సాధించిన తొలి ఆసియా మహిళగా నిలిచింది. ఆమె మొదటి ప్రయత్నమూ ఓటమే. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల 2021లో, 47 ఏళ్ళ వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా ఈదారు. నడివయసులో ఈత నేర్చుకున్న మనిషి ఆమె.

2008, 2009లలో నీళ్ళలో తేల్చే ప్లాస్టిక్ తరహా సూట్లు వచ్చి రికార్డులు కుప్పకూలాయి. 2009 రోమ్ పోటీల్లోనే 43 ప్రపంచ రికార్డులు పోయాయి. ఈదేది మనిషా, బట్టా అన్న గొడవ లేచి 2010 జనవరి నుంచి వాటిని నిషేధించారు. నేతబట్టే ఉండాలి, మగవారికి నడుము నుంచి మోకాలి దాకా, ఆడవారికి భుజం నుంచి మోకాలి దాకా మించరాదని నియమం పెట్టారు. మోకాలి దాకా కప్పే సూటు నేటి పోటీల్లో మామూలే. సిగ్గుపడి కొలను గట్టునే ఆగిపోయే మన ఇళ్ళ ఆడవారికి ఈ సంగతి చెప్పండి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అనెట్ ఆస్ట్రేలియాలో సైనికుల కోసం ప్రదర్శనలిచ్చింది. తర్వాత అమెరికాలోని లాంగ్‌బీచ్‌లో ఆరోగ్య ఆహారాల దుకాణం నడిపింది. 1952లో ఎస్తర్ విలియమ్స్ నాయికగా హాలీవుడ్‌వారు ఆమె జీవితం మీద సినిమా తీశారు. వయసు మళ్ళినా ఈత మానలేదు. 1970లో సొంత దేశం చేరుకుంది. 1974లో అమెరికాలోని అంతర్జాతీయ ఈత గౌరవశాలలో ఆమె పేరు చేర్చారు. మరుసటేడు 1975 నవంబరు 6న క్వీన్స్‌లాండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో, 89వ ఏట కన్నుమూసింది. అస్థికలు గ్రేట్ బారియర్ పగడపు దిబ్బల దగ్గర సముద్రంలో కలిపారు. ఆమె దాచుకున్న వేషాలు, సూట్లు సిడ్నీవారికే దక్కాయి. ఆమె పుట్టిన మారిక్‌విల్ వైపు ఎన్‌మోర్ పార్కులో ఊరివారందరికీ ఒక ఈత కొలను ఉంది. దాని ముఖద్వారం మీద రాసింది ఆమె పేరే.